గ్రంథచౌర్యం, గ్రంథస్వామ్యం: డిజిటల్ యుగంలో తెలుగు పరిశోధన

తెలుగు పరిశోధన రంగంలో గ్రంథచౌర్యం, గ్రంథస్వామ్య ఉల్లంఘన అనే రెండు మాటలూ తరచు పర్యాయపదాలుగా వినిపిస్తుంటాయి. పరీక్ష గదిలోని ‘కాపీ’, చట్టంలోని ‘కాపీరైట్’ ఒకే మాటతో మొదలు కావడం ఈ కలగాపులగానికి కొంత కారణం కావచ్చు. నిజానికి ఇవి వేర్వేరు దోషాలు. వీటి చరిత్రలూ వేరు. గురజాడ 1915లో మరణించారు. ఆయన రచనలపై నేడు ఎవరికీ గ్రంథస్వామ్యం లేదు. కన్యాశుల్కాన్ని ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అయితే గురజాడ వాక్యాన్ని తన వాక్యంగా సిద్ధాంతగ్రంథంలో కలుపుకొన్న పరిశోధకుడు స్వామ్యాన్ని ఉల్లంఘించకపోయినా చౌర్యం చేసినట్లే. శ్రీశ్రీ 1983లో మరణించారు. ఆయన రచనలపై స్వామ్యం 2043 చివరి వరకు ఉంటుంది. మహాప్రస్థానాన్ని మొత్తంగా, కవి పేరుతోనే, ఎంతో భక్తితో, అనుమతి లేకుండా అంతర్జాలంలో ఉంచిన అభిమాని చౌర్యం చేయలేదు. స్వామ్యాన్ని మాత్రం ఉల్లంఘించాడు. మొదటిది పేరుకు సంబంధించిన తప్పు, రెండవది ప్రతికి సంబంధించిన తప్పు.

ఈ రెండు భావనలూ ఏ దారుల్లో వచ్చాయో, డిజిటల్ యుగంలో ఎక్కడ చిక్కుపడ్డాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నేడు విశ్వవిద్యాలయాలు ఆధారపడుతున్న ‘సారూప్యత శాతం’ అనే అంకె ఈ రెండు దోషాలలో దేనినీ నేరుగా కొలవదనీ, తెలుగు సిద్ధాంతగ్రంథాల విషయంలో అది మరింతగా దారి తప్పిస్తుందనీ నా ప్రతిపాదన.

చట్టం లేనినాటి చౌర్యచర్చ

గ్రంథస్వామ్యం అనే ఊహ కూడా లేని కాలంలోనే మన అలంకారికులు చౌర్యాన్ని గురించి విస్తారంగా చర్చించారు. 7వ శతాబ్దిలో బాణుడు హర్షచరిత్ర ఆరంభంలోనే కవిచోరుణ్ణి ప్రస్తావించాడు. వర్ణాలను మార్చి, రచన గుర్తులను దాచిపెట్టినా సజ్జనుల మధ్య అటువంటివాడు దొంగగా పట్టుబడతాడని ఆయన భావం. పదాలను పర్యాయపదాలతో మార్చి ఇచ్చే నేటి సాఫ్ట్‌వేర్ల పనిని ఇంతకంటె కచ్చితంగా వర్ణించిన నిర్వచనం నాకు ఆధునిక నిబంధనల్లోనూ కనిపించలేదు. బాణుడి దృష్టిలో దొంగను పట్టేది చదివినవాడే.

ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగవ ఉద్ద్యోతంలో ఇద్దరు కవుల మధ్య కనిపించే పోలికలను ప్రతిబింబం వంటివి, చిత్రం వంటివి, ఒకే రూపురేఖలున్న ఇద్దరు మనుషుల వంటివి అని మూడుగా విభజించాడు. మొదటి రెండూ వదలదగినవి, మూడవది దోషం కాదు. పోలిక ఉన్నంత మాత్రాన చౌర్యం కాదన్న ఈ వివేకం గమనించదగినది.

రాజశేఖరుడి కావ్యమీమాంసలో ఈ చర్చ పరాకాష్ఠకు చేరింది. శబ్దహరణం, అర్థహరణం అని విభజించి, శబ్దహరణాన్ని పదం, పాదం, అర్ధం, వృత్తం, ప్రబంధం అనే ఐదు స్థాయుల్లో ఆయన పరిశీలించాడు. ఒక్క పదాన్ని తీసుకోవడం దోషం కాదని ఆచార్యులు చెప్పగా, రెండర్థాల పదానికి మాత్రం ఆ మినహాయింపు లేదని రాజశేఖరుడు సవరించాడు. శ్లేషపదంలో కవి శ్రమ అంతా ఆ ఒక్క పదంలోనే ఉంటుంది కదా. ఎంత తీసుకొన్నాడన్నది కాక, తీసుకొన్నదానిలో ఎవరి ప్రతిభ ఉన్నదన్నది ఇక్కడి కొలమానం.

అదే సందర్భంలో రాజశేఖరుడు తన భార్య అవంతిసుందరి అభిప్రాయాన్ని పేర్కొన్నాడు. ఆ కవి అప్రసిద్ధుడు, నేను ప్రసిద్ధుణ్ణి. అతని మాట తిప్పతీగ, నా మాట ద్రాక్ష. ఈ రచనను ఎరిగినవారు గతించారు. దీని కర్త దేశాంతరంలో ఉన్నాడు. దీని మూలం నశించింది. ఇటువంటి కారణాలతో కవి హరణానికి పూనుకోవచ్చునని ఆమె అన్నట్లుగా ఉంది. ఇది సమర్థనో, వ్యంగ్యమో అన్నదానిపై వాదానికి చోటుంది. ఏదైనా, చౌర్యం చేసేవాడు తనకు తాను చెప్పుకొనే సాకుల పట్టికగా దీనిని చదివితే, ‘ఎరిగినవారు గతించారు’ అన్న సాకు నేటి తెలుగు శాఖల గ్రంథాలయాల్లో ఎంత బలంగా పనిచేస్తుందో ముందు ముందు చూస్తాం.

తెలుగు కవులు అవతారికల్లో పూర్వకవిస్తుతిని, దాని పక్కనే కుకవినిందను పాటించారు. పూర్వకవిస్తుతిని ఋణప్రకటనగా చదవవచ్చు గాని, ఏ పద్యం ఎవరిదో చెప్పే పని అది చేయదు. ఆ పనిని సంకలనకర్తలు చేశారు. 15వ శతాబ్దికి చెందిన మడికి సింగన సకలనీతిసమ్మతంలో అనేక గ్రంథాల నుండి నీతిపద్యాలను కూర్చుతూ, అవి ఏ గ్రంథంలోనివో పేర్కొన్నాడు. ఆ గ్రంథాల్లో కొన్ని నేడు దొరకవు. ముద్రామాత్యం వంటి కృతి ఒకటి తెలుగులో ఉండేదని మన సాహిత్యచరిత్రలు రాయగలుగుతున్నాయంటే సింగన ఆ పేరును వదలకుండా చెప్పడమే కారణం. అతడే ఆ పద్యాలను పేరులేకుండా కలిపేసుకొని ఉంటే, ఒక కావ్యం ఉండేదన్న సంగతే నశించి ఉండేది. ఆకరాన్ని పేర్కొనడం మర్యాదకు మించిన పని అనడానికి తెలుగులో ఇంతకంటె పెద్ద దృష్టాంతం అక్కరలేదు.

నాసికపై నంది తిమ్మన చెప్పాడనే పద్యాన్ని రామరాజభూషణుడు డబ్బిచ్చి కొని వసుచరిత్రలో చేర్చుకొన్నాడన్న చాటుకథ అందరికీ తెలిసినదే. దాని చారిత్రకతను పక్కన పెట్టినా, కథలోని ఊహ ఆసక్తికరమైనది. పద్యం అమ్ముడుపోయింది, పేరు మాత్రం అమ్ముడుపోలేదు. కావ్యం రామరాజభూషణుడిదే అయినా, ఆ పద్యం వల్ల ‘ముక్కు తిమ్మన’ అయినవాడు తిమ్మనే. ఆస్తి వేరు, కర్తృత్వం వేరు అన్న ఈ జానపద న్యాయం 1957 నాటి చట్టంలోని 57వ సెక్షన్‌కు దగ్గరగా ఉంది. స్వామ్యాన్ని మొత్తంగా ఇతరులకు రాసి ఇచ్చిన తరువాత కూడా తానే కర్తనని చెప్పుకొనే హక్కు రచయితకు ఉంటుందని ఆ సెక్షన్ అంటుంది.

అచ్చు తెచ్చిన ఆస్తి

స్వామ్యం చరిత్ర ప్రతులతో మొదలవుతుంది. తాళపత్రాన్ని రాసుకొన్న లేఖకుడిని ఎవరూ దొంగ అనలేదు. అతడు గ్రంథాన్ని బతికించినవాడు. ఒకేసారి వేయి ప్రతులు తీయగల యంత్రం వచ్చాక, ఆ ప్రతుల లాభం ఎవరిదన్న ప్రశ్న పుట్టింది. ఇంగ్లండులో 1710 నాటి ఆన్ రాణి శాసనం కొత్త పుస్తకాలకు 14 ఏళ్ల హక్కును, రచయిత జీవించి ఉంటే మరో 14 ఏళ్లను ఇచ్చింది. ఆ గడువు ముగిశాక కూడా తమ హక్కు శాశ్వతమని లండన్ పుస్తక వ్యాపారులు వాదించగా, 1774లో డొనాల్డ్‌సన్ వ్యాజ్యంలో ప్రభువుల సభ ఆ వాదాన్ని తోసిపుచ్చింది. రచయిత పేరుతో సాగిన పోరాటంలో అసలు కక్షిదారులు ప్రచురణకర్తలే కావడం ఈ చట్టం పుట్టుమచ్చ. ఆ మచ్చ ఇంకా పోలేదు.

మన దేశంలో ఈస్టిండియా కంపెనీ పాలనలో 1847లో మొదటి చట్టం వచ్చింది. రచయిత జీవితకాలంతోపాటు మరో 7 ఏళ్లు, మొత్తం మీద 42 ఏళ్లకు తగ్గకుండా స్వామ్యం ఉంటుందని అది నిర్దేశించింది. పాత తెలుగు పుస్తకాల లోపలి పుటల్లో కనిపించే ‘సర్వస్వామ్యసంకలితము’ అన్న ముద్ర ఆ న్యాయవ్యవస్థ మన భాషలోకి దిగిన తీరుకు గుర్తు.

తెలుగు సాహిత్యచరిత్రకారులు తగినంత పట్టించుకోని నిబంధన ఒకటి 1914 నాటి చట్టంలో ఉంది. ఆ చట్టం బ్రిటిష్ సామ్రాజ్యపు 1911 చట్టాన్ని అనుసరించి రచయిత మరణానంతరం 50 ఏళ్ల స్వామ్యాన్ని ఇచ్చింది గాని, అనువాద హక్కుకు మాత్రం ప్రత్యేకమైన పరిమితి పెట్టింది. బ్రిటిష్ ఇండియాలో మొదట అచ్చయిన రచనపై అనువాద హక్కు ప్రచురణ తేదీ నుండి 10 ఏళ్లే ఉంటుంది. ఆలోపు రచయిత గాని, ఆయన అనుమతి పొందినవారు గాని ఒక భాషలో అనువాదం ప్రచురిస్తే ఆ భాష వరకు ఈ పరిమితి వర్తించదు. శరత్ దేవదాసు 1917లో పుస్తకంగా వచ్చింది. అంటే, అంతలోగా అధికారికమైన తెలుగు అనువాదం లేకపోతే, 1927 తరువాత దానిని తెలుగు చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. శరత్‌ను తెలుగువాడే అనుకొనేంతగా చక్రపాణి ప్రభృతులు బెంగాలీ నవలలను మనకు దగ్గర చేశారని చెప్పుకొంటాం. ఆ వెల్లువకు బెంగాల్ పునరుజ్జీవన ప్రభావాన్ని, జాతీయోద్యమాన్ని కారణాలుగా చూపుతాం. ఈ పదేళ్ల నిబంధన ఎంతమేరకు దోహదం చేసిందన్న ప్రశ్న స్వతంత్ర పరిశోధనకు తగినది. 1957 చట్టం ఈ పరిమితిని తొలగించి, ప్రచురణ జరిగిన 7 ఏళ్ల తరువాత అనువాదానికి లైసెన్సు కోరే మార్గాన్ని 32వ సెక్షన్‌లో ఏర్పరచింది.

1958 జనవరి 21న అమలులోకి వచ్చిన 1957 చట్టం తరువాత అనేకసార్లు సవరణ పొందింది. వాటిలో స్వామ్యకాలాన్ని 50 నుండి 60 ఏళ్లకు పెంచిన సవరణ వెనుక రవీంద్రనాథ్ టాగోర్ ఉన్నారు. 1941లో మరణించిన ఆయన రచనలపై విశ్వభారతికి ఉన్న హక్కు 1991 చివరికి ముగియవలసి ఉంది. ఆ డిసెంబరులోనే ఆర్డినెన్సు, 1992లో సవరణ చట్టం వచ్చాయి. ఒక సంస్థ కోసం జరిగిన ఈ పొడిగింపు ఫలితంగా దేశభాషల రచయితలందరి రచనలూ మరో పదేళ్లు స్వామ్యంలో నిలిచాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో మరణించారు. పాత లెక్కన మాలపల్లి 2009లోనే అందరిదీ కావలసింది. 2019 దాకా ఆగవలసి వచ్చింది.

ఇంత చరిత్రలోనూ చట్టం ఎక్కడా ‘చౌర్యం’ అన్న మాటను నిర్వచించలేదు. భావంపై స్వామ్యం ఉండదు, వ్యక్తీకరణపైనే ఉంటుందని 1978లో ఆర్.జి.ఆనంద్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పరిశోధనలో మాత్రం ఇతరుల భావాన్ని తన మాటల్లో చెప్పి పేరు దాచడమే పెద్ద నేరం. చట్టం వదిలిన చోటే విద్యాలోకపు న్యాయం మొదలవుతుంది.

అక్షరం నుండి సంకేతానికి

డిజిటల్ యుగం ప్రతి తీయడానికి అయ్యే ఖర్చును దాదాపు శూన్యం చేసింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ అందించింది. అందులో స్వామ్యం ముగిసినవీ ముగియనివీ కలగలిసి ఉన్నాయి. ఆ వేదిక మూతపడినా, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ ప్రతులు చాలావరకు నిలిచాయి. ఈ పుస్తకాలు లేకుండా గత 15 ఏళ్ల తెలుగు పరిశోధనను ఊహించలేం. జిల్లా కేంద్రంలోని కళాశాల అధ్యాపకుడికి వావిళ్లవారి ప్రతులు ఇంట్లో దొరికే రోజు వచ్చింది. 2016లో ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఫొటోకాపీ వ్యాజ్యంలో హైకోర్టు, బోధన అవసరాల కోసం పాఠ్యభాగాలను నకలు తీయడం ఉల్లంఘన కాదని చెప్పింది. విద్యార్థి చేతికి పుస్తకం అందడం నేరం కాదన్న దృష్టి అందులో ఉంది.

చౌర్యం విషయంలో కథ వేరుగా నడిచింది. సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పించాలని యూజీసీ 2009 నిబంధనలు నిర్దేశించాక, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధగంగ వాటికి నిలయమైంది. 2018 జూలైలో యూజీసీ విద్యా సమగ్రత, గ్రంథచౌర్య నిరోధక నిబంధనలను ప్రకటించింది. సారూప్యత 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే 6 నెలల లోపు సవరించి సమర్పించాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాది పాటు సమర్పణకు అవకాశం లేదు. 60 దాటితే నమోదు రద్దవుతుంది. 2019 నుండి శోధశుద్ధి పథకం కింద మొదట ఉర్కుండ్, తరువాత డ్రిల్‌బిట్ వంటి ఉపకరణాలు విశ్వవిద్యాలయాలకు అందాయి.

ఈ ఉపకరణం చదివేది అక్షరాన్ని కాదు, అక్షరం వెనుక ఉన్న సంకేతాన్ని. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు స్థానం దక్కినా, మన డీటీపీ కేంద్రాలు చాలాకాలం పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే పనిచేశాయి. అను ఫాంటులో కూర్చిన అక్షరం కంటికి తెలుగే. యంత్రం లోపల మాత్రం అది రోమన్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానంలో కూర్చున్న బొమ్మ. అటువంటి పీడీఎఫ్ నుండి పాఠాన్ని వెలికితీస్తే అర్థంలేని రోమన్ గుర్తులు వస్తాయి. స్కాన్ చేసిన ప్రతి అయితే అసలు పాఠమే ఉండదు, చిత్రం మాత్రమే ఉంటుంది. పాత సిద్ధాంతగ్రంథంలోని ఒక అధ్యాయాన్ని యథాతథంగా యూనికోడ్‌లో టైపు చేసి సమర్పిస్తే, రెంటి సంకేతాలూ వేరు గనుక పోలిక బయటపడే అవకాశం చాలా తక్కువ. అను నుండి యూనికోడ్‌కు మార్చే ఉపకరణాలు ఉచితంగా దొరుకుతున్నందువల్ల టైపు చేసే శ్రమ కూడా మిగలలేదు. బాణుడు చెప్పిన ‘వర్ణాలను మార్చడం’ ఇక్కడ అక్షరాలా నిజమైంది.

యూనికోడ్‌లో నిజాయితీగా రాసిన పరిశోధకుడి స్థితి దీనికి విరుద్ధం. పోతన భక్తితత్త్వంపై పనిచేసే విద్యార్థి వందల భాగవత పద్యాలను ఉదాహరించక తప్పదు. అవన్నీ వికీసోర్స్‌లోను, ఇతరత్రా యూనికోడ్‌లోను ఉన్నాయి. ఆకరం చూపిన ఉద్ధరణలను లెక్కలోకి తీసుకోకూడదని నిబంధనలే చెబుతున్నాయి. అయితే ఉపకరణం ఉద్ధరణను గుర్తించేది ప్రధానంగా ఉద్ధరణ చిహ్నాలను బట్టి. మన సంప్రదాయంలో పద్యాన్ని చిహ్నాలు లేకుండా విడిగా అమర్చి, కింద కావ్యం పేరు, ఆశ్వాసం, పద్యసంఖ్య ఇస్తాం. మనిషికి ఇంతకంటె స్పష్టమైన ఆకరసూచన లేదు. యంత్రానికి అది కనిపించదు. నివేదికలో 35 శాతం వస్తే, శాతాన్ని తగ్గించడానికి పద్యాలను తొలగించమనే సలహా తరచు వినిపిస్తుంది. కావ్యపరిశోధన నుండి కావ్యాన్ని తీసివేయడమే దీనికి పరిహారమా?

నిబంధనల్లోని మరొక అంశం భాషాశాస్త్ర దృష్టితో చూడవలసినది. సాధారణ జ్ఞానానికి చెందినవి, యాదృచ్ఛికంగా కలిసేవి అయిన పదబంధాలను వరుసగా 14 పదాల వరకు మినహాయించవచ్చునని అవి చెబుతాయి. ఈ సంఖ్య ఇంగ్లీషు వంటి భాషకు తగినది కావచ్చు. ‘రాయలేకపోయినందువల్లనే’ అన్న ఒక్క తెలుగు మాటను ఇంగ్లీషులో చెప్పాలంటే ఏడెనిమిది మాటలు కావాలి. సమాసభూయిష్ఠమైన కందపద్యం చాలాసార్లు 14 మాటల లోపే ముగుస్తుంది. సంధిని విడదీసి లెక్కిస్తే ఒక సంఖ్య, కలిపి లెక్కిస్తే మరొకటి. అంటే, పదాలను మాత్రమే లెక్కించే యంత్రం కళ్లుగప్పి తెలుగులో ఒక విమర్శకుడి కీలక ప్రతిపాదనను పూర్తిగా ఎత్తుకురావచ్చు. పదం, పాదం, అర్ధం, వృత్తం, ప్రబంధం అని రచన అంగాలతో కొలిచిన రాజశేఖరుడి పద్ధతి మన భాషలకు ఎంత సహజమైనదో ఇక్కడ తెలుస్తుంది. అదే స్ఫూర్తితో తెలుగుకు వేరొక ప్రమాణాన్ని రూపొందించవలసిన బాధ్యత మన శాఖలదే. ఆ పని ఇన్‌ఫ్లిబ్‌నెట్ చేయదు.

అనువాదచౌర్యం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు లేదా హిందీ వ్యాసాన్ని యంత్రంతో తెనిగించి తన పేరుతో సమర్పిస్తే, పదాలను పోల్చే ఉపకరణానికి చిక్కదు. కృత్రిమ మేధ రాసిచ్చిన పేరాలదీ ఇదే స్థితి. అక్కడ మూలకర్తను వేలెత్తి చూపడమే కష్టం. తమ వార్తలను శిక్షణకు వాడుకొన్నారంటూ ఏఎన్ఐ సంస్థ 2024లో ఓపెన్ఏఐపై ఢిల్లీ హైకోర్టులో వేసిన దావా స్వామ్యానికి సంబంధించినది. విద్యార్థి ఆ పాఠాన్ని తనదిగా చూపడం చౌర్యానికి సంబంధించినది. ఆ దావాలో ఏ తీర్పు వచ్చినా రెండవ ప్రశ్నకు సమాధానం దొరకదు.

అందువల్ల 2018 నిబంధనల్లో అందరూ శాతాల పట్టికనే చదువుతున్నా, ముఖ్యమైన భాగం మరొకటి ఉంది. ప్రతి విభాగంలోను, సంస్థ స్థాయిలోను విద్యా సమగ్రతా మండళ్లు ఏర్పడాలని అవి చెబుతున్నాయి. విభాగస్థాయి మండలి నివేదికలోని అంకెను చూసి ఊరుకోకుండా, పోలిక ఎక్కడ వచ్చిందో, అది పద్యమో, నిర్వచనమో, ఇతరుల విశ్లేషణో పరిశీలించి రాతపూర్వకంగా నమోదు చేయవచ్చు. తెలుగు కావ్యాలపై వచ్చిన పరిశోధనను చదివినవారే ఈ పని చేయగలరు.

ఇక మిగిలినది, ‘ఎరిగినవారు గతించారు’ అన్న సాకు. గత శతాబ్ది ద్వితీయార్ధంలో సమర్పించిన తెలుగు సిద్ధాంతగ్రంథాల్లో చాలావరకు అచ్చు కాలేదు. అవి టైపు ప్రతులుగా విశ్వవిద్యాలయ గ్రంథాలయాల అరల్లో ఉన్నాయి. పర్యవేక్షకులు, పరీక్షకులు చాలామంది లేరు. చౌర్యానికి ఇంతకంటె సురక్షితమైన గని లేదు. వాటిని డిజిటల్ రూపంలోకి తెచ్చి బహిరంగంగా ఉంచితే గని మూతపడుతుంది. కానీ ఆ గ్రంథాలపై స్వామ్యం వాటి రచయితలకో, వారసులకో ఉంది.  పేరును కాపాడాలన్న విద్యాలోకపు అవసరానికి ప్రతిని కాపాడే చట్టమే ఇక్కడ అడ్డు వస్తున్నది.

దీనికి ఒక దారి ఉంది. 2012 సవరణతో 52వ సెక్షన్‌లో చేరిన నిబంధన ప్రకారం వ్యాపారేతర ప్రజా గ్రంథాలయం తన వద్ద ఉన్న పుస్తకాన్ని పరిరక్షణ కోసం ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వ చేసుకోవచ్చు. విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఈ కోవలోకి వస్తుందని వాదించడానికి ఆస్కారం ఉంది. పాఠాన్ని అందరికీ చూపకుండా, పోల్చడానికి మాత్రమే ఆ నిల్వను వాడుకొనే ఏర్పాటును న్యాయసలహాతో రూపొందించుకోవచ్చు. జీవించి ఉన్న రచయితల నుండి, అందుబాటులో ఉన్న వారసుల నుండి అనుమతిపత్రాలు సేకరించడం దీనికంటె సులభం. కనీసం ఆ సిద్ధాంతగ్రంథాల విషయసూచికలను, అధ్యాయ శీర్షికలను, ఉపయుక్త గ్రంథసూచికలను యూనికోడ్‌లో టైపు చేసి ఉంచే పనిని ప్రతి తెలుగు శాఖ తన ఎం.ఏ. విద్యార్థులతో రెండు మూడు విద్యాసంవత్సరాల్లో పూర్తి చేయగలదు.